హైదరాబాద్ 14, బెంగళూరు 16, భీమవరంలో ఇంటి నుంచి 11.5 లక్షలు: ఏది ఎక్కువ జీతం?

ప్రశ్న: "నాలుగేళ్ల అనుభవం ఉన్న బ్యాకెండ్ ఇంజనీర్‌ని. ఒకే కంపెనీ మూడు దారులు చూపించింది. హైదరాబాద్ ఆఫీసుకి వస్తే 14 లక్షలు, బెంగళూరు వెళ్తే 16, భీమవరంలో సొంతింట్లో ఉండి చేస్తానంటే 11.5. పని ఒకటే, టీమ్ ఒకటే. ఊరు మారితే జీతం ఎందుకు మారాలి? ఏది తీసుకోమంటారు?"

ముందు ఆ 'ఎందుకు' సంగతి చూద్దామండి. అది తేలకపోతే మిగతా లెక్కంతా దారి తప్పుతుంది. బెంగళూరులో ఖర్చులెక్కువ కాబట్టి జీతం ఎక్కువ అని హెచ్ఆర్ వాళ్లు చెబుతారు, మనమూ తలూపుతాం. మీ అద్దె ఎంతైనా కంపెనీకి పట్టదు. రేపు మీరు మానేస్తానంటే చుట్టుపక్కల మిమ్మల్ని ఎగరేసుకుపోయేవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదే దాని లెక్క. రొయ్యల రైతుకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ముప్పై కౌంటు (కిలోకి ముప్పై రొయ్యలు తూగే) సరుకు చెరువులో ఉన్నప్పుడు గట్టు మీదకి నలుగురు కొనేవాళ్లు వస్తే ఒక రేటు, ఒక్కడే వస్తే ఇంకో రేటు. మేతకి ఎంతయిందని ఏ కొనేవాడూ అడగడు.

బెంగళూరు, హైదరాబాద్‌లలో విదేశీ కంపెనీల సొంత సెంటర్లు, అంటే జీసీసీలు, పక్కపక్క బిల్డింగుల్లో ఉంటాయి. అక్కడి ఇంజనీరు ఇల్లు మారకుండానే కంపెనీ మారిపోగలడు. భీమవరంలో కూర్చున్నవాడు మారాలంటే ఇంటి నుంచి పని ఇచ్చే ఇంకో కంపెనీ దొరకాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఆ 2.5 లక్షల కోత అక్కడి నుంచి వచ్చింది.

ఫ్రెషర్ల విషయంలో ఊరికి విలువే లేకపోవడానికీ కారణం ఇదే. పెద్ద సర్వీస్ కంపెనీలు క్యాంపస్‌లో ఇచ్చే ప్యాకేజీ దేశమంతా ఒకటే. టీసీఎస్ నింజా ఆఫర్ ఏళ్ల తరబడి 3.36 లక్షల దగ్గరే ఉంది. భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్‌లో ఎంపికైనా, కాకినాడ జేఎన్‌టీయూలో ఎంపికైనా, పోస్టింగు చెన్నైలో పడినా, భువనేశ్వర్‌లో పడినా అంకె మారదు. అనుభవం మూడు నాలుగేళ్లకి వచ్చేసరికి బయటివాళ్లు పిలవడం మొదలవుతుంది, ఊళ్ల మధ్య తేడా అప్పుడు పుడుతుంది. మీరు సరిగ్గా ఆ మలుపు దగ్గర ఉన్నారు.

కంపెనీ లోపల ఇది ఒక పట్టికలా ఉంటుంది: అడ్డంగా గ్రేడు, అంటే మీ ఉద్యోగ స్థాయి, నిలువుగా జోన్, అంటే మీ ఊరు పడే వర్గం. జోన్‌కి ఒక గుణకం. గిట్‌ల్యాబ్ లాంటి కంపెనీ ఈ పద్ధతిని తన హ్యాండ్‌బుక్‌లో బాహాటంగానే పెట్టింది. మిగతావాళ్లు చెప్పరు, అంతే తేడా. అందుకని "నాకు ఎంత ఇస్తారు" అనే ప్రశ్నతో ఆగకుండా "నా గ్రేడు ఏది, ఈ గ్రేడుకి నా జోన్‌లో కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత" అని అడగండి. 11.5 ఆ జోన్ గరిష్ఠానికి దగ్గరగా ఉంటే వచ్చే రెండు అప్రైజల్స్‌లో మీకు పెద్దగా పెరగదు. కనిష్ఠం దగ్గర ఉంటే ఇప్పుడే బేరమాడే చోటు ఉంది.

ఇక అంకెలు. సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. సీటీసీ పక్కన సీటీసీ పెట్టి చూస్తే ఏమీ తేలదు. ఆఫర్ లెటర్ చివర ఉండే అనెక్సర్ పట్టిక తీసి, చేతికొచ్చేదాకా దించాలి. మీ పట్టిక నా దగ్గర లేదు కాబట్టి మామూలుగా ఉండే పద్ధతిలో వేస్తున్నాను: వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) 10 శాతం, పీఎఫ్ పూర్తి బేసిక్ (మూల వేతనం) మీద 12 శాతం, గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, ఇన్సూరెన్స్ 12,000. పన్ను 2025-26 కొత్త పద్ధతి స్లాబులతో.

హైదరాబాద్ 14 లక్షల్లో వేరియబుల్ 1,40,000 తీసేస్తే ఫిక్స్‌డ్ 12,60,000. నెలకి 50,000 బేసిక్ అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 72,000, గ్రాట్యుటీ 28,860, ఇన్సూరెన్స్ 12,000 ఇందులోంచే పోతాయి. మిగిలిన గ్రాస్ 11,47,140, అంటే నెలకి 95,595. అందులో మీ వాటా పీఎఫ్ 6,000, వృత్తి పన్ను 200, వేరియబుల్ కూడా కలిపి లెక్కిస్తే ఆదాయ పన్ను సుమారు 1,050. చేతికి 88,340 దాకా వస్తుంది.

బెంగళూరు 16 లక్షల్లో వేరియబుల్ 1,60,000. బేసిక్ నెలకి 57,000 అనుకుంటే అవే కోతలయ్యాక గ్రాస్ 13,13,020, నెలకి 1,09,418. పీఎఫ్ 6,840, వృత్తి పన్ను 200, ఆదాయ పన్ను 7,774. చేతికి 94,600.

చూశారా, సీటీసీలో రెండు లక్షల తేడా నెల జీతంలో 6,260 అయింది. ఎక్కడికి పోయిందంటే, 20,000 వేరియబుల్‌లోకి, 20,160 రెండు వైపులా పీఎఫ్‌లోకి, నాలుగు వేలు గ్రాట్యుటీలోకి వెళ్లాయి. ఇవి ఎప్పటికో అప్పటికి మీవే అనుకుందాం. కానీ 80,665 రూపాయలు పన్నుకి పోయింది. ఇది మీ జీతం స్థాయిలోనే తగిలే దెబ్బ. కొత్త పద్ధతిలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకొని 12,75,000 దాకా జీతానికి పన్ను లేదు. అది దాటిన దగ్గర్నుంచి సుమారు 13,45,000 దాకా ఒక బురదగుంట ఉంది. మార్జినల్ రిలీఫ్ (పరిమితి దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకుండా ఆపే సడలింపు) ఉంది కాబట్టి స్లాబుల ప్రకారం పడాల్సిన 60,000 ఒక్కసారిగా పడదు, కానీ దాటిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది, దాని మీద 4 శాతం సెస్సు అదనం.

దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది. చేతికి ఎక్కువ వస్తుందని చాలామంది పీఎఫ్‌ని 15,000 పరిమితికి, అంటే నెలకి 1,800కి, తగ్గించుకుంటారు. హైదరాబాద్ ఆఫర్‌లో అలా చేస్తే కంపెనీ వాటా 72,000 నుంచి 21,600కి దిగి, మిగిలిన 50,400 మీ జీతంలో కలుస్తుంది. వేరియబుల్ పూర్తిగా వచ్చిన ఏడాది మీరు సరిగ్గా ఆ గుంటలో ఉంటారు. 50,400 అదనపు జీతానికి 52,416 అదనపు పన్ను. అంటే పీఎఫ్‌లో పడాల్సిన డబ్బు పోగొట్టుకుని, పైన రెండు వేలు ఎదురు కట్టినట్టు. జాయినింగ్ రోజు హెచ్ఆర్ పోర్టల్లో ఆ టిక్కు పెట్టేముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి.

బెంగళూరు అద్దె కడితే హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మిగులుతుందనే మాట కూడా కొత్త పద్ధతిలో చెల్లదు. హెచ్ఆర్ఏ మినహాయింపు పాత పద్ధతికే పరిమితం. వృత్తి పన్ను గురించి తల బద్దలు కొట్టుకోవద్దు. రాజ్యాంగం 276వ అధికరణమే ఏడాదికి 2,500 దాటకూడదంది. హరియాణా, ఉత్తరప్రదేశ్‌లలో అసలు లేదు కాబట్టి గుర్‌గావ్, నోయిడా వెళ్లేవాళ్లకి ఆ కాస్తా మిగులుతుంది.

బెంగళూరు గురించి ఇంకొక్క ముక్క. అక్కడ ఇంటి అడ్వాన్సు ఐదారు నెలల నుంచి పది నెలల అద్దె దాకా అడుగుతారు, హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలలు. 30,000 అద్దె ఇల్లయితే ఆరు నెలల లెక్కన 1,80,000 మొదటి రోజే ఇరుక్కుపోతుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసేసుకోవడం అక్కడ రివాజు. నెలకి వచ్చే ఆ 6,260 దీనికే సరి. బెంగళూరు వెళ్లాలంటే పని మెరుగైనదై ఉండాలి. ఒకే పని, ఒకే టీమ్ అన్నారు కాబట్టి నా వరకు ఆ ఆప్షన్ కొట్టేస్తాను.

ఇప్పుడు అసలు పోటీ, హైదరాబాద్‌కీ భీమవరానికీ. 11.5 లక్షల్లో వేరియబుల్ 1,15,000 పోగా, బేసిక్ 42,000 అనుకుంటే గ్రాస్ 9,38,278. నెలకి 78,190. పీఎఫ్ 5,040, వృత్తి పన్ను 200, ఆదాయ పన్ను సున్నా. చేతికి 72,950. హైదరాబాద్‌తో తేడా నెలకి 15,390.

ఇదే మీ గీటురాయి. హైదరాబాద్‌లో ఉండటం వల్ల కొత్తగా పడే ఖర్చు, అంటే అద్దె, మెయింటెనెన్స్, తిండిలో తేడా, ఆఫీసు రాకపోకలు, నెలకోసారి ఇంటికి రావడం, ఇవన్నీ కలిపి 15,390 దాటితే ఇంటి దగ్గర ఉన్నవాడి చేతిలోనే ఎక్కువ మిగులుతుంది. పీజీలో ఇద్దరు పంచుకుని ఉండే కుర్రాడికి ఇంచుమించు సరిపోతుంది. పెళ్లయి, పిల్లలుండి, వేరు కాపురానికి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కావాల్సినవాడికి అద్దెతోనే దాటేస్తుంది. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరికినప్పుడు రాకపోకలు పెద్ద ఖర్చు కాదు గానీ, సంక్రాంతికి ప్రైవేటు బస్సు టికెట్ ధర మాత్రం ఈ లెక్కలో వేరుగా రాసుకోవాలి.

ఇంతవరకు చూస్తే భీమవరమే మేలనిపిస్తుంది. కానీ జీతం కంటే పెద్ద నష్టం ఇంకో చోట పొంచి ఉంది. రెండేళ్ల తర్వాత మీరు కంపెనీ మారేటప్పుడు ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ప్రస్తుత సీటీసీ ఎంత", రెండోది "చివరి మూడు నెలల పే స్లిప్పులు పంపండి". ఆ అంకె మీద 30 శాతం హైక్ అంటారు. 14 మీద అయితే 18.2, 11.5 మీద అయితే 14.95. మొదట్లో 2.5 లక్షలున్న తేడా ఒక్క మార్పుతో 3.25 అయింది. ఆ తర్వాతి మార్పులో ఇంకా పెరుగుతుంది. ఇంట్లో మిగిలిన అద్దె డబ్బు దీనికి ఎదురు నిలవదు. అందుకే ఇంటి నుంచి చేసేవాళ్లు ఎప్పుడూ ప్రస్తుత జీతం మీద శాతం అడగకూడదు. "ఈ రోల్‌కి మీ హైదరాబాద్ బడ్జెట్ ఎంత? నా ప్రస్తుత జీతం ఊరు జోన్ ప్రకారం తగ్గించి ఇచ్చింది, లెటర్‌లో రాసి ఉంది" అని చెప్పాలి. అది చెప్పగలగాలంటే లెటర్‌లో నిజంగానే రాసి ఉండాలి. దీని సంగతి చివర్లో చెప్తాను.

రెండో ప్రమాదం, వెనక్కి పిలవడం. ఇంటి నుంచి పని అన్న కంపెనీ ఏడాది తిరక్కుండానే వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మంటుంది. ఆఫర్ లెటర్‌లో 'బేస్ లొకేషన్' హైదరాబాద్ అని, 'ప్రస్తుతం రిమోట్' అని ఉంటే, పిలిచినప్పుడు 11.5 లక్షలతోనే హైదరాబాద్‌లో కాపురం పెట్టాలి. రావడానికి 30 రోజులు గడువిస్తారు, మానేయడానికి నోటీస్ పీరియడ్ మాత్రం 90 రోజులు. ఈ రెండు అంకెల మధ్య నలిగిపోయేవాళ్లే ఎక్కువ.

మూడోది మన ఊరి సంగతి. కరెంటు, నెట్టు. ల్యాప్‌టాప్ 65 వాట్లు, మానిటర్ 25, రౌటర్ 15, మామూలు సీలింగ్ ఫ్యాన్ 70. మొత్తం 175. ఒక 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. బ్యాటరీని పూర్తిగా పీల్చకుండా 80 శాతం దగ్గర ఆపి, ఇన్వర్టర్ తినేసేది ఇంకో 20 శాతం తీసేస్తే 1,150 మిగులుతుంది. అంటే ఆరున్నర గంటలు. ఇంట్లో మిగతా లైట్లూ ఫ్యాన్లూ అదే ఇన్వర్టర్ మీద ఉంటే మూడు గంటలు కూడా రాదు, కాబట్టి మీ గదికి వేరే లైను లాగించుకోండి. నెట్ రెండు కనెక్షన్లు పెట్టుకున్నా రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒక్క కొమ్మ విరిగితే రెండూ పోతాయి. ఒకటి ఫైబర్, రెండోది వేరే కంపెనీ మొబైల్ నెట్ ఉండాలి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి వారంలో టవర్లకీ కరెంటు ఉండదు. తుపాను హెచ్చరిక రాగానే రాజమండ్రిలోనో, విజయవాడలోనో చుట్టాలింటికి ల్యాప్‌టాప్‌తో వెళ్లిపోవడమే ఉపాయం. మేనేజర్‌కి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

సాఫ్ట్‌వేర్ కాని ఇంజనీర్లు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్లకి నాలుగు మాటలు. గోదావరి డెల్టాలో ప్రాంతాన్ని బట్టి జీతం తేడా ఎంతో పైకి కనబడేలా రాసి ఉన్నది ప్రభుత్వ రంగ సంస్థల్లోనే. ఓఎన్‌జీసీలో ఇ-1 స్థాయి ఇంజనీరుకి బేసిక్ 60,000 నుంచి మొదలు. రాజమండ్రి అసెట్‌లో చేసినా, ముంబైలో చేసినా అదే. మారేది హెచ్ఆర్ఏ. జనాభాను బట్టి విభజించిన ఎక్స్, వై, జెడ్ నగరాలకి బేసిక్‌లో 24, 16, 8 శాతంతో మొదలై, ఐడీఏ (ధరలతో పాటు మారే కరువు భత్యం) 25 శాతం దాటితే 27, 18, 9, యాభై దాటితే 30, 20, 10 అవుతుంది. హైదరాబాద్ ఎక్స్, విశాఖ, విజయవాడ వై. రాజమండ్రి, కాకినాడ 2011 జనాభా లెక్కల్లో 5 లక్షలకి చేరలేదు కాబట్టి జెడ్. 60,000 బేసిక్ మీద చివరి శ్రేణిలో హైదరాబాద్‌కి 18,000, రాజమండ్రికి 6,000. నెలకి 12,000 తేడా. క్వార్టర్ ఇస్తే ఆ తేడా కూడా ఉండదు. అంటే ప్రభుత్వ సంస్థలో ఉన్నవాడికి డెల్టాలో ఉండటమే లాభం, ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌లో దానికి తలకిందులు.

ఇక్కడి గ్యాస్ ప్లాంటులో కాంట్రాక్టరు కింద చేసే ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు సంగతి వేరు. అక్కడ నెల జీతం అడిగే ముందు మూడు అడగాలి: రోజు రేటు ఎన్ని డ్యూటీలకి, ఓవర్‌టైమ్ రెట్టింపు ఇస్తారా, కాంట్రాక్టు మారితే పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా. జీతం 21,000 దాటితే ఈఎస్ఐ ఉండదు, కాబట్టి గ్రూప్ ఇన్సూరెన్స్ కాగితం చూపించమనండి. పీఎఫ్ పడుతోందో లేదో పాస్‌బుక్‌లో ప్రతి నెలా చూసుకోండి, నోటి మాట నమ్మొద్దు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో అమ్మోనియా రిఫ్రిజిరేషన్ బాగా తెలిసినవాళ్లకి మాత్రం బేరం బాగానే ఉంటుంది. రాత్రి రెండింటికి కంప్రెసర్ ఆగిపోతే సరుకు పాడైపోతుంది, హైదరాబాద్ నుంచి మనిషి వచ్చేదాకా ఆగే పని కాదు.

విదేశాల సంగతి పెద్దది, ముఖ్యమైనవే చెప్తాను. అమెరికాలో హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ల జీతానికి ఉద్యోగాన్ని బట్టి, పనిచేసే ప్రాంతాన్ని బట్టి నాలుగు స్థాయుల్లో కనీస వేతనం ఉంటుంది. ఆ దరఖాస్తుల వివరాలు, కంపెనీ పేరు, ఊరు, ఇచ్చే జీతంతో సహా, అక్కడి కార్మిక శాఖ బయటపెడుతుంది. డల్లాస్‌లో ఉన్న మేనమామ కొడుకుని అడిగేకంటే ఆ పట్టిక చూడటం మేలు, అందులో గొప్పలుండవు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. కాలిఫోర్నియాలో 1,50,000 డాలర్ల జీతం మీద ఒంటరి మనిషికి సుమారు 10,000 డాలర్లు రాష్ట్రానికే పోతుంది. డల్లాస్ నుంచి న్యూజెర్సీకి మారితే జీతం మాట అటుంచి, పనిచేసే చోటు వేరే మెట్రో ప్రాంతంలోకి మారినందుకు వీసా పిటిషన్ సవరించాలి. 2015 నుంచి అదే నిబంధన.

గల్ఫ్‌లో ఆదాయ పన్ను లేదన్న సంబరంలో బేసిక్ చూడటం మర్చిపోతారు. యూఏఈలో ఉద్యోగం ముగిశాక వచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్, తర్వాత 30 రోజులు. మొత్తం 12,000 దిర్హాముల్లో బేసిక్ 4,000 అని రాస్తే ఆ గ్రాట్యుటీ 4,000 మీదే వస్తుంది.

మీ విషయానికి వస్తే, పెళ్లి కాలేదు, ఇంటి దగ్గర చూసుకోవాల్సిన పెద్దవాళ్ల అవసరం లేదు అనుకుంటే హైదరాబాద్ తీసుకోండి. నాలుగు నుంచి ఏడేళ్ల అనుభవం మధ్యలో జీతం ఎగబాకినంతగా తర్వాత ఎగబాకదు, ఆ మూడేళ్లు పిలిచేవాళ్లు ఉన్న ఊళ్లో ఉండటమే బాగు. ఇంటి దగ్గరే ఉండక తప్పదంటే 11.5కి ఒప్పుకోకండి, 12.75 అడగండి. కోతలూ వేరియబుల్ కలుపుకున్నా అప్పటికీ మీకు పన్ను పడదు, పెంచిన 1.25 లక్షల్లో పన్నుకి పైసా పోదు. అటు కంపెనీకీ హైదరాబాద్ కంటే మీరు చవకే.

ఏది తీసుకున్నా సంతకం పెట్టేముందు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి, ఫోన్‌లో వద్దు. నా గ్రేడు ఏది, జోన్ ఏది? జోన్ కారణంగా జీతం తగ్గించినట్టు లెటర్‌లో రాస్తారా? కంపెనీయే నన్ను హైదరాబాద్ రమ్మంటే ఆ నెల నుంచే హైదరాబాద్ జోన్ జీతం ఇస్తారా, ఎన్ని రోజుల గడువిస్తారు, తరలింపు ఖర్చు ఎవరిది? నెలలో ఎన్నిసార్లు ఆఫీసుకి రావాలి, ఆ టికెట్లు ఎవరు కొంటారు? గత రెండేళ్లలో వేరియబుల్ ఎంత శాతం చెల్లించారు? పీఎఫ్ పూర్తి బేసిక్ మీదా, 15,000 మీదా? "అవన్నీ జాయినయ్యాక మాట్లాడుకుందాం" అని జవాబొస్తే, 11.5 ఆప్షన్ మీ లెక్కలోంచి తీసేయండి.